ఎంపీ3, డబ్ల్యూఎంఏ, ఏఏసీ, ఏట్రాక్: పాటల ప్లేయర్లలో ఫార్మాట్ల పోటీపై తరచుగా అడిగే ప్రశ్నలు

పాత హార్డ్ డిస్కుల్లో, సీడీల్లో పాటలు దాచుకున్నవాళ్లకు ఈ ఇబ్బంది కొత్త కాదు. ఒక ఫైలు ఎందులో పెట్టినా పాడుతుంది. ఇంకోటి కంప్యూటర్లో పాడుతుంది గానీ కారులో పాడదు. మరోటి అసలు తెరుచుకోదు, లైసెన్స్ లేదంటుంది, డబ్బు పెట్టి కొన్న పాటైనా సరే. దీనికంతటికీ మూలం 1998 నుంచి 2009 దాకా జేబులో పట్టే మ్యూజిక్ ప్లేయర్ల మార్కెట్లో నడిచిన పోటీ. అందులో ఎవరు ఏం చేశారో తెలిస్తే, మన దగ్గరున్న పాటల్ని ఎలా కాపాడుకోవాలో కూడా తెలుస్తుంది. అందుకే చరిత్ర ప్రశ్నల్నీ, రోజూ ఎదురయ్యే ప్రశ్నల్నీ ఒకేచోట పెట్టాను.

ఒక్క పాటకు ఇన్ని ఫార్మాట్లు ఎందుకు వచ్చాయి?

సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో, ఎడమ కుడి చానెళ్లకు విడివిడిగా రాస్తారు. సెకనుకు 1,411 కిలోబిట్లన్నమాట. అయిదు నిమిషాల పాటకు 50 మెగాబైట్ల పైమాటే. 1998లో వచ్చిన తొలి ప్లేయర్లలో ఉన్న మెమరీ మొత్తం 32 మెగాబైట్లు. ఒక్క పాట కూడా పూర్తిగా పట్టదు. కాబట్టి శబ్దాన్ని కుదించక తప్పలేదు.

కుదించడానికి ఒకే దారి ఉండాలని లేదు. ఎవరి పద్ధతికి వాళ్లు పేటెంట్లు తీసుకున్నారు. తన పద్ధతి నెగ్గితే అమ్ముడైన ప్రతి ప్లేయరు మీదా రాయల్టీ వస్తుంది. పాటలమ్మే దుకాణం, పాడే ప్లేయరు రెండూ తన చేతిలోనే ఉంటే ఒకసారి కొన్నవాళ్లు ఇంకో కంపెనీకి మారలేరు. ఇంజనీర్లు శబ్దం బాగుండాలనే పట్టుదలతోనే పనిచేశారు. కానీ కంపెనీలను నడిపించింది మాత్రం ఈ లెక్కే. ఈ పోటీలో ఓడిపోయిన ఫార్మాట్లలో చాలావాటి శబ్దానికి పెద్దగా వంక పెట్టలేం. కొన్నవాళ్లను కట్టిపడేసే ప్రయత్నమే వాటిని ముంచింది.

ఎంపీ3 ఎలా పుట్టింది? ముందుగా అదే ఎందుకు పాతుకుపోయింది?

జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఫ్రాన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు 1980ల నుంచి దీని మీద పనిచేశారు. వాళ్లలో ముఖ్యుడు కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్. 1992లో ఎంపెగ్-1 అనే అంతర్జాతీయ ఆడియో, వీడియో కుదింపు ప్రమాణంలో మూడో లేయరుగా ఇది ఖరారైంది. ఫైలు పేరు చివర ఎంపీ3 అని ఉండాలని 1995 జూలైలో నిర్ణయించారు. పెద్ద శబ్దం మోగుతున్నప్పుడు దానికి దగ్గరి స్వరస్థాయిలో (పౌనఃపున్యంలో) ఉన్న చిన్న శబ్దాన్ని మన చెవి పట్టుకోలేదు. చెవికి అందనిదాన్ని రాయడానికి బిట్లు ఎందుకు ఖర్చు పెట్టాలి? ఎంపీ3 అయినా, దాని తర్వాత వచ్చిన పోటీదార్లయినా పనిచేసేది ఈ ఒక్క సూత్రం మీదే.

1998లో దక్షిణ కొరియాకు చెందిన సెహాన్ కంపెనీ ఎంపీమ్యాన్ అనే చిన్న ప్లేయరు తెచ్చింది. అదే ఏడాది అమెరికాలో డైమండ్ మల్టీమీడియా కంపెనీ రియో పీఎంపీ300 తెచ్చింది. దాన్ని ఆపాలని రికార్డింగ్ కంపెనీల సంఘం కోర్టుకెక్కింది. 1999 జూన్‌లో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు డైమండ్ పక్షాన తీర్పిచ్చింది. తన దగ్గరున్న పాటను సొంత వాడకం కోసం కంప్యూటర్ నుంచి ప్లేయర్లోకి మార్చుకోవడం చట్టం ఉద్దేశానికి విరుద్ధం కాదని చెప్పింది. ఈ కేసుకు దక్కాల్సిన పేరు దక్కలేదని నాకనిపిస్తుంది. తీర్పు అటు పోయి ఉంటే ఆ తర్వాత వచ్చిన ప్లేయర్లన్నిటికీ దారి మూసుకుపోయేది.

ఎంపీ3లో తాళం లేదు, అంటే అనుమతి లేనిచోట పాడకుండా, కాపీ కాకుండా అడ్డుకునే ఏర్పాటు లేదు. ఎవరి దుకాణంతోనూ సంబంధం లేదు. ఫైలు ఎవరికిచ్చినా పాడుతుంది. 1999లోనే పాటల ఫైళ్లు ఒకరితో ఒకరు పంచుకునే నాప్‌స్టర్ వచ్చి, కోట్ల మంది కంప్యూటర్లలో ఎంపీ3 ఫైళ్లు నిండిపోయాయి. ఆ తర్వాత ఏ కంపెనీ ఎంత గొప్ప ఫార్మాట్ తెచ్చినా, జనం అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: నా దగ్గరున్న పాటలు ఇందులో పాడతాయా?

128, 320 అంటే ఏమిటి? ఎంత ఉంటే చాలు?

పాడే ప్రతి సెకనుకూ ఎన్ని కిలోబిట్లు ఖర్చవుతున్నాయో చెప్పే లెక్క అది. దాన్నే బిట్‌రేటు అంటారు. 128 దగ్గర సీడీ డేటాలో పదకొండో వంతు మిగులుతుంది. అయిదు నిమిషాల పాట 5 మెగాబైట్లలోపే సరిపోతుంది. 320 దగ్గర అదే పాట 12 మెగాబైట్లు.

అంకె ఒక్కటే చూసి తేల్చలేం. బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినే సినిమా పాటకు 192 చాలు. కర్ణాటక కచేరీ సంగతి వేరు. తంబుర శ్రుతి ఆగకుండా సాగే శబ్దం, దానిలో పై స్వరాలు ఎన్నో ఉంటాయి. బిట్లు తక్కువైతే ఎన్‌కోడర్ (పాటను కుదించే సాఫ్ట్‌వేర్) వాటిని ఒక క్షణం ఉంచి మరు క్షణం వదిలేస్తుంది. దాంతో శ్రుతి నీళ్లలోంచి వస్తున్నట్టు అలలు అలలుగా వినిపిస్తుంది. 64 కిలోబిట్ల ఎంపీ3లో ఇది ఎవరికైనా తెలుస్తుంది. చెవి అలవాటైనవాళ్లకు 128లో కూడా తెలుస్తుంది.

రెండో చిక్కు మృదంగం, ఘటం, కంజీర దెబ్బల దగ్గర. ఎంపీ3 శబ్దాన్ని 1,152 కొలతల ఫ్రేములుగా తీసుకుంటుంది. అంటే ఒక్కో ఫ్రేము సెకనులో నలభయ్యో వంతుకు కాస్త ఎక్కువ. నిశ్శబ్దంగా మొదలైన ఫ్రేము మధ్యలో ఠప్పున చాపు పడితే, కుదింపులో వచ్చిన పొరపాటు ఆ ముక్కంతా పరుచుకుంటుంది. దెబ్బకు ముందే చిన్న 'ఉస్స్' వినిపించి, చాపుకుండే పదును పోతుంది. అలాంటి చోట ఎంపీ3 చిన్న ముక్కలకు మారుతుంది గానీ, ఏఏసీ అంతకంటే చిన్న ముక్కలకు దిగగలదు. లయ వాద్యాల విషయంలో ఏఏసీకి మొగ్గు రావడానికి ఇదొక కారణం.

కచేరీలకు ఎంపీ3 అయితే 256కు తగ్గొద్దు. లేమ్ అనే ఉచిత ఎన్‌కోడర్లో బిట్‌రేటును అవసరాన్నిబట్టి పెంచి తగ్గించే పద్ధతి ఇంకా మేలు. ఏఏసీ అయితే 192 చాలు. ఒకే పాటను రెండు రకాలుగా చేసి, ఏది ఏదో మీకు తెలియకుండా ఇంట్లో ఎవరినైనా పెట్టమని అడిగి వినండి. మీ చెవికి, మీ హెడ్‌ఫోన్లకు ఎంత సరిపోతుందో అక్కడే తేలిపోతుంది.

డబ్ల్యూఎంఏ వెనక మైక్రోసాఫ్ట్ అంతటి కంపెనీ ఉండి కూడా ఎందుకు నెగ్గలేదు?

1999లో మైక్రోసాఫ్ట్ విండోస్ మీడియా ఆడియో తెచ్చింది. 64 కిలోబిట్లకే సీడీ అంత నాణ్యత వస్తుందని ప్రచారం చేసింది. బయటివాళ్లు విని చేసిన పరీక్షల్లో ఆ మాట నిలవలేదు. అయినా డబ్ల్యూఎంఏ నాసిరకం ఫార్మాట్ కాదు. ప్రతి విండోస్ కంప్యూటర్లోనూ ఉంది, ఆపిల్ తప్ప దాదాపు అన్ని ప్లేయర్ కంపెనీలూ తీసుకున్నాయి.

దెబ్బ తగిలింది తాళం దగ్గర. పాటల దుకాణాలు అమ్మే డబ్ల్యూఎంఏ ఫైలు పాడాలంటే లైసెన్స్ కావాలి, ఆ లైసెన్స్ దుకాణం సర్వర్ నుంచి రావాలి. 2004లో మైక్రోసాఫ్ట్ "ప్లేస్ ఫర్ ష్యూర్" అనే ముద్ర తెచ్చింది. ఆ ముద్ర ఉన్న దుకాణంలో కొన్న పాట, ఆ ముద్ర ఉన్న ఏ ప్లేయర్లోనైనా పాడుతుందన్న హామీ అది. రెండేళ్లకే, 2006 నవంబరులో, మైక్రోసాఫ్ట్ సొంత ప్లేయరు 'జూన్' (Zune) వచ్చింది. ప్లేస్ ఫర్ ష్యూర్ పాటలు అందులో పాడలేదు. ఆ ముద్రను నమ్మి పాటలు కొన్నవాళ్లకూ, ప్లేయర్లు తయారుచేసిన కంపెనీలకూ అది పెద్ద అన్యాయం.

మైక్రోసాఫ్ట్ సొంత దుకాణం ఎంఎస్ఎన్ మ్యూజిక్ కూడా 2006లోనే అమ్మకాలు ఆపేసింది. 2008 ఆగస్టు తర్వాత లైసెన్స్ సర్వర్లు ఆపేస్తామని అదే ఏడాది ఏప్రిల్‌లో ప్రకటించింది. అంటే అప్పటిదాకా అనుమతి పొందిన కంప్యూటర్లలో తప్ప, కొత్త కంప్యూటర్ కొన్నా, విండోస్ మళ్లీ వేసుకున్నా ఆ పాటలు ఇక పాడవు. గొడవ పెద్దదయ్యాక గడువు 2011 దాకా పెంచారు. అదే 2008లో యాహూ మ్యూజిక్ దుకాణం కూడా మూతపడింది. ఆ ఫైళ్లు ఇప్పటికీ ఎవరి డిస్కులోనో చెక్కుచెదరకుండా ఉండే ఉంటాయి. వాటిని తెరిచే తాళంచెవి ఇచ్చేవాళ్లు లేరు.

నా సొంత సీడీ నుంచే ఎక్కించుకున్న డబ్ల్యూఎంఏ ఫైళ్లు కూడా లైసెన్స్ అడుగుతున్నాయి. ఎందుకు?

పాత విండోస్ మీడియా ప్లేయర్ సెట్టింగుల్లో "కాపీ ప్రొటెక్ట్ మ్యూజిక్" అని ఒక టిక్కు ఉండేది. కొన్ని వెర్షన్లలో అది మనం పెట్టకుండానే ఉండేది. దాన్ని తీసేయకుండా సీడీ ఎక్కిస్తే, మన సీడీ నుంచి మనం చేసుకున్న ఫైలుకు కూడా తాళం పడి, లైసెన్స్ ఆ కంప్యూటర్లోనే ఉండిపోయేది. కంప్యూటర్ ఫార్మాట్ చేసేటప్పుడు పాటలు బ్యాకప్ తీసుకున్నవాళ్లు చాలామందే గానీ, లైసెన్సులు విడిగా బ్యాకప్ తీసుకోవాలని తెలిసినవాళ్లు తక్కువ. సీడీ ఇంకా ఉంటే మళ్లీ ఎక్కించుకోవడం ఒక్కటే సరైన దారి. ఈసారి ఫ్లాక్‌లోకి ఎక్కించండి, అది శబ్దంలో ఏదీ పోకుండా కుదించే, తాళం లేని ఫార్మాట్.

ఏఏసీ ఆపిల్ కంపెనీదా?

కాదు. ఈ అపోహ బాగా ఉంది. ఏఏసీని ఫ్రాన్‌హోఫర్, ఏటీ అండ్ టీ బెల్ ల్యాబ్స్, డాల్బీ, సోనీ వంటి సంస్థలు కలిసి చేశాయి. ఎంపీ3కి వారసుడిగా 1997లో ఎంపెగ్-2లో భాగంగా ప్రమాణమైంది. ఆపిల్ 2003 ఏప్రిల్ 28న ఐట్యూన్స్ దుకాణం తెరిచినప్పుడు ఈ ఫార్మాట్‌నే ఎంచుకుంది: 128 కిలోబిట్లు, పాట 99 సెంట్లు. దాని మీద ఫెయిర్‌ప్లే అనే సొంత తాళం వేసింది. ఆపిల్ సొత్తు ఆ తాళం మాత్రమే.

ఇప్పుడు తాళం లేని ఏఏసీ ఫైలు ఆండ్రాయిడ్ ఫోన్లోనూ, కొత్త కారు స్టీరియోలోనూ మామూలుగానే పాడుతుంది. ఫైలు చివర ఎం4ఏ అని ఉంటే సాధారణంగా ఇబ్బంది లేదు. ఎం4పీ అని ఉంటే అది తాళం వేసింది.

ఆపిల్ తాళాన్ని దాటాలని వేరే కంపెనీలు ప్రయత్నించలేదా?

రియల్‌నెట్‌వర్క్స్ ప్రయత్నించింది. 2004 జూలైలో హార్మొనీ పేరుతో, తమ దుకాణంలో కొన్న పాటలు ఆపిల్ ప్లేయరు ఐపాడ్‌లో కూడా పాడేలా చేసింది. ఆపిల్ మండిపడింది, ఇది హ్యాకర్ల పద్ధతి అంది. ఆ ఏడాది చివరికల్లా ఐపాడ్ సాఫ్ట్‌వేర్ మార్చి హార్మొనీ పాటలు పాడకుండా చేసింది. ఆ వివాదంతో ముడిపడ్డ దావా పదేళ్లు నడిచి, 2014 డిసెంబరులో జ్యూరీ ఆపిల్‌కు అనుకూలంగా తేల్చింది. తీర్పు ఎలా ఉన్నా, డబ్బిచ్చి కొన్న పాటను తన చేతిలో ఉన్న ప్లేయర్లో వినాలనుకున్నవాళ్ల పక్షానే నేనుంటాను.

వాక్‌మన్ కనిపెట్టిన సోనీ ఈ పోటీలో ఎలా వెనకబడింది?

జేబులో పాట అనేది ప్రపంచానికి అలవాటు చేసిందే సోనీ. 1979లోనే వాక్‌మన్. 1992లో మినీడిస్క్, దానితో పాటే ఏట్రాక్ అనే సొంత కుదింపు పద్ధతి. మెమరీ స్టిక్ వాక్‌మన్ 1999కే వచ్చేసింది. ఐపాడ్ వచ్చింది 2001 అక్టోబరులో. సాంకేతికత, పేరు, దుకాణాలు అన్నీ సోనీ దగ్గరున్నాయి.

అయితే సోనీకి రికార్డింగ్ కంపెనీ కూడా ఉంది. ఒక విభాగం ప్లేయర్లు అమ్మాలి, ఇంకో విభాగం పాటలు కాపీ కాకుండా చూడాలి. ఈ రెంటి మధ్యా నలిగింది కొన్నవాళ్లే. మీ దగ్గర వెయ్యి ఎంపీ3 పాటలున్నాయనుకోండి. వాటిని సోనిక్‌స్టేజ్ అనే సాఫ్ట్‌వేర్ ఏట్రాక్‌లోకి మార్చి, తాళం వేసి, అప్పుడు ప్లేయర్లోకి పంపేది. మార్చడానికి గంటలు పట్టేది, మార్చిన ప్రతిసారీ శబ్దం కొంత దెబ్బతినేది. 2004లో వచ్చిన ఎన్‌డబ్ల్యూ-హెచ్‌డీ1 ప్లేయరు చేతిలో పట్టుకుంటే ఎంత అందంగా ఉండేదో! ఐపాడ్ కంటే చిన్నది, 20 గిగాబైట్ల హార్డ్ డిస్క్, బ్యాటరీ చాలాసేపు వచ్చేది. దానికి ఎంపీ3 పాడటం రాదు. అదే ఏడాది చివర్లో వచ్చిన మోడల్‌లో నేరుగా ఎంపీ3 పాడే సదుపాయం పెట్టారు గానీ అప్పటికే జనం చేతుల్లోకి ఐపాడ్ వెళ్లిపోయింది. 2004 మేలో తెరిచిన సోనీ కనెక్ట్ పాటల దుకాణం 2008 మార్చిలో మూతపడింది.

ఈ మొత్తం పోటీలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. అంత చక్కటి వస్తువులు తయారుచేసిన ఇంజనీర్ల శ్రమ ఒక తాళం కింద నలిగిపోయింది.

ఆగ్ వోర్బిస్ సంగతేమిటి?

1998లో ఫ్రాన్‌హోఫర్ ఎంపీ3 ఎన్‌కోడర్లు రాసేవాళ్లను లైసెన్స్ ఫీజు కట్టమంది. అప్పుడు క్రిస్ మాంట్‌గొమరీ, ఆయనతో పనిచేసేవాళ్లు పేటెంట్ గొడవ లేని ఫార్మాట్ ఒకటి ఉండాలని పూనుకుని చేసిందే వోర్బిస్. 2002 జూలైలో తొలి వెర్షన్ వచ్చింది. తక్కువ బిట్‌రేటులో ఎంపీ3 కంటే బాగా వినిపిస్తుంది. ఐరివర్, కోవాన్ ప్లేయర్లు, కొన్ని శాంసంగ్ మోడళ్లు దీన్ని పాడేవి, ఐపాడ్ ఎప్పుడూ పాడలేదు. జేబులో గెలవలేదు గానీ, వీడియో గేముల్లోకి, స్పాటిఫై స్ట్రీమింగ్‌లోకి వెళ్లింది. పేరు తెలియకుండానే మీరు దాన్ని చాలాసార్లు వినే ఉంటారు.

ఎంపీ3 పేటెంట్ల గొడవ అంత పెద్దదా?

చాలా పెద్దదే. 2006లో బెర్లిన్ ఐఎఫ్ఏ ప్రదర్శనలో శాన్‌డిస్క్ స్టాలు నుంచి ఎంపీ3 ప్లేయర్లను అధికారులు పట్టుకెళ్లారు. సిస్‌వెల్ అనే పేటెంట్ లైసెన్సింగ్ కంపెనీతో వచ్చిన తగాదా అది. 2007 ఫిబ్రవరిలో ఎంపీ3 పేటెంట్ల కేసులో అల్కాటెల్-లూసెంట్‌కు మైక్రోసాఫ్ట్ 152 కోట్ల డాలర్లు కట్టాలని జ్యూరీ చెప్పింది. ఆరు నెలలకు జడ్జి దాన్ని కొట్టేశారు. ఫ్రాన్‌హోఫర్‌కు ఒకసారి లైసెన్స్ ఫీజు కట్టేశాం కదా అనుకున్న కంపెనీకి కూడా ఇంకెవరో వచ్చి అడుగుతారేమోనన్న టెన్షన్ ఉండేది.

2017 ఏప్రిల్‌లో ఎంపీ3 లైసెన్స్ పథకం ముగిసింది. అప్పుడు కొన్ని పత్రికలు ఎంపీ3 చనిపోయిందని రాశాయి. నిజానికి అది స్వేచ్ఛగా మారిన రోజు. ఇప్పుడు ఎంపీ3 వాడటానికి, ప్లేయర్లో పెట్టడానికి ఎవరికీ పైసా కట్టక్కర్లేదు.

పాటల దుకాణాల్లో తాళాలు ఎప్పుడు పోయాయి?

2007 ఫిబ్రవరిలో స్టీవ్ జాబ్స్ ఒక బహిరంగ లేఖ రాశారు. సగటు ఐపాడ్‌లో ఉన్న పాటల్లో ఐట్యూన్స్‌లో కొన్న తాళం పాటలు 3 శాతంలోపేనని, రికార్డింగ్ కంపెనీలు ఒప్పుకుంటే తాళాలు ఆ క్షణమే తీసేస్తామని అన్నారు. ఏప్రిల్‌లో ఈఎంఐ ఒప్పుకుంది. మే నెలాఖరుకు తాళం లేని 256 కిలోబిట్ల ఏఏసీ పాటలు 1.29 డాలర్లకు వచ్చాయి. సెప్టెంబరులో అమెజాన్ తాళం లేని ఎంపీ3 దుకాణం తెరిచింది. 2009 జనవరిలో మిగతా పెద్ద కంపెనీల పాటలకూ తాళాలు తీసేస్తున్నట్టు ఆపిల్ ప్రకటించింది.

రికార్డింగ్ కంపెనీలు మనసు మార్చుకున్నది కొన్నవాళ్ల మీద జాలితో కాదని నా అభిప్రాయం. తాళం కావాలని పట్టుబట్టింది వాళ్లే. ఐపాడ్‌లో పాడే తాళం ఆపిల్ దగ్గర మాత్రమే ఉండటంతో, ధర చెప్పే అధికారం కూడా ఆపిల్ చేతికే పోయింది. దాన్నుంచి బయటపడాలంటే అన్ని ప్లేయర్లలోనూ పాడే ఎంపీ3ని అమెజాన్‌కు ఇవ్వడం తప్ప వాళ్లకు దారి లేకపోయింది.

ఈ పోటీ మన దగ్గర కనిపించలేదు కదా?

అంతగా కనిపించలేదు. ఐట్యూన్స్ పాటల దుకాణం ఇండియాకు వచ్చింది 2012 డిసెంబరులో, అంటే తాళాల కాలం దాటాక. అదే ఏడాది ఫిబ్రవరిలో ఫ్లిప్‌కార్ట్ ఫ్లైట్ పేరుతో ఎంపీ3 పాటలు అమ్మడం మొదలుపెట్టి 2013 జూన్‌లో మానేసింది. మన ఊళ్లలో నడిచింది ఎంపీ3 సీడీలు, ఆ తర్వాత సెల్ షాపులో డబ్బులిచ్చి మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకోవడం. డీవీడీ ప్లేయరు, ఆటో స్టీరియో, చైనా ఫోను అన్నిటికీ ఉమ్మడిగా వచ్చిన ఫార్మాట్ ఎంపీ3 ఒక్కటే. అందుకే మిగతావాటికి ఇక్కడ చోటు దొరకలేదు.

ఆ వ్యాపారంలో చాలా భాగం అనుమతి లేనిదే. పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు అందులోంచి ఏమీ అందలేదు. ఒకే సీడీలో ఎక్కువ పాటలు పట్టించాలని బిట్‌రేటు బాగా తగ్గించేసేవాళ్లు. తర్వాత అవే ఫైళ్లు చేతులు మారి మారి ఇవాళ్టికీ తిరుగుతున్నాయి. ఒక పాత పాట తంబుర, కోరస్ కలిసిపోయి మసకగా వినిపిస్తే, తప్పు ఆనాటి రికార్డింగ్‌ది అనుకోకండి. ముందు ఆ ఫైలు ఎక్కడిదో చూడండి.

128 ఫైలును 320కి మార్చుకుంటే బాగుపడుతుందా?

పడదు. పోయినది పోయినట్టే. సైజు పెరుగుతుంది, రెండోసారి కుదించడంతో ఇంకొంత పోతుంది. ఎంపీ3 నుంచి ఏఏసీకి, ఏఏసీ నుంచి ఎంపీ3కి మార్చడం కూడా ఇంతే. మూలం దొరికితే దాన్నుంచి కొత్తగా చేసుకోవాలి, దొరక్కపోతే ఉన్నది ఉన్నట్టు వదిలేయాలి.

ఫ్లాక్, ఆపిల్ లాస్‌లెస్‌లో ఏది మేలు?

శబ్దంలో తేడా సున్నా. రెండూ ఏదీ పోకుండా కుదిస్తాయి, సైజు సుమారు సగానికి వస్తుంది. ఫ్లాక్ 2001లో వచ్చింది, మొదటి నుంచీ అందరికీ ఉచితం. ఆపిల్ లాస్‌లెస్ 2004లో వచ్చింది, 2011లో దాని కోడ్‌ను కూడా ఆపిల్ అందరికీ ఇచ్చేసింది. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చినా ఏమీ పోదు. ఇంట్లో అన్నీ ఆపిల్ పరికరాలే అయితే రెండోది, లేదంటే ఫ్లాక్.

కచేరీ సీడీని ఎంపీ3 చేస్తే ట్రాకుల మధ్య క్షణకాలం ఆగుతోంది. ఎందుకు?

సీడీలో ఆలాపన ఒక ట్రాకు, కృతి ఇంకో ట్రాకుగా విడదీసినా, రికార్డింగ్ మాత్రం ఆగకుండా సాగుతుంది. ఎంపీ3 ఎన్‌కోడర్ ఫైలు మొదట్లో కొంత నిశ్శబ్దం చేరుస్తుంది, చివరి ఫ్రేము నిండకపోతే అక్కడా నిశ్శబ్దమే నింపుతుంది. శ్రుతి సాగుతుండగా వచ్చే ఆ చిన్న కోత ప్రాణానికి విసుగ్గా ఉంటుంది. ఎంత నిశ్శబ్దం చేర్చిందో లేమ్ ఫైలులోనే రాసి పెడుతుంది గానీ, పాత ప్లేయర్లు దాన్ని చదవవు. ఫ్లాక్‌లో ఈ సమస్యే లేదు. ఎంపీ3యే కావాలంటే ఆలాపన, కృతి, తని (మృదంగం వంటి లయ వాద్యాల సోలో) కలిపి ఒకే ట్రాకుగా చేయండి.

పాట పేరు తెలుగులో రాస్తే ప్లేయర్లో డబ్బాలు, ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. ఏం చేయాలి?

ఎంపీ3 ప్రమాణంలో పాట పేరు రాసుకునే చోటే లేదు. 1996లో ఐడీ3 అనే ట్యాగ్ వచ్చింది. ఫైలు చివర 128 బైట్లు, అందులో పాట పేరుకు 30. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు కాబట్టి వాళ్లకు ఇబ్బంది లేదు. ఆ ట్యాగ్‌లో తెలుగు రాయాలనుకున్నా, అన్ని భాషల అక్షరాలకూ పనికొచ్చే యూనికోడ్‌ను రాసే పద్ధతి యూటీఎఫ్-8లో ఒక్కో గుర్తుకు 3 బైట్లు కావాలి. గుణింతం, పొల్లు కూడా విడి గుర్తులే. 'త్యాగరాజ' అని రాసేసరికి 24 బైట్లు అయిపోతాయి. పైగా పాత ప్లేయరు ఆ బైట్లను ఇంగ్లీషు అక్షరాలుగానే చదువుతుంది.

తర్వాత వచ్చిన ఐడీ3 రెండో తరం ట్యాగ్‌లో యూనికోడ్ పెట్టొచ్చు. ఎంపీ3ట్యాగ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 2.3 వెర్షన్, యూటీఎఫ్-16 ఎంచుకుని తెలుగులో రాయండి. ఎక్కువ ప్లేయర్లు చదవగలిగేది అదే. అయినా డబ్బాలే వస్తే ప్లేయర్లో తెలుగు ఫాంట్ లేదని అర్థం, మన చేతుల్లో ఏమీ లేదు. అలాంటి కారు స్టీరియో ఉన్నవాళ్లు ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, ట్యాగ్ తెలుగులో పెట్టుకుంటే రెండు విధాలా పనవుతుంది. ఫ్లాక్, ఎం4ఏ ఫైళ్లలో ట్యాగులు మొదటి నుంచీ యూనికోడే.

ఇంట్లో పాత క్యాసెట్లున్నాయి. ఏ ఫార్మాట్‌లోకి ఎక్కించాలి?

ఫ్లాక్‌లోకి. ఆడాసిటీ అనే ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ పెట్టి రికార్డు చేయండి. శబ్దం స్థాయి ఎక్కడా పై గీతను తాకకూడదు. మొదలుపెట్టే ముందు టేప్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. నేరుగా ఎంపీ3లోకి ఎక్కించి క్యాసెట్ పారేయొద్దు. తాతగారి హరికథో, ఊళ్లో భజనో ఉన్న క్యాసెట్‌కు ప్రపంచంలో ఇంకో కాపీ ఉండదు. ఫ్లాక్ కాపీలు రెండు వేర్వేరు చోట్ల పెట్టి, బంధువులకు పంపడానికి దాన్నుంచి ఎంపీ3 తీయండి.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో వింటే ఫ్లాక్ వల్ల లాభముందా?

వినడంలో పెద్దగా లేదు. మామూలు బ్లూటూత్‌లో ఫోను ఆ పాటను ఎస్‌బీసీ, ఏఏసీ, ఎల్‌డాక్ లాంటి ఏదో ఒక పద్ధతిలో మళ్లీ కుదించి పంపుతుంది. ఐఫోన్ వాడేది ఎస్‌బీసీ, ఏఏసీ మాత్రమే. దాచుకోవడానికి ఫ్లాక్, వెంట తీసుకెళ్లడానికి 256 ఏఏసీ సరిపోతాయి.

పెన్‌డ్రైవ్ కారులో పాడటం లేదు. ఫార్మాట్ సమస్యేనా?

ముందు పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 (డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతుల్లో ఒకటి)లో ఉందో లేదో చూడండి. ఎక్కువసార్లు తేడా అక్కడే ఉంటుంది. అది సరిగ్గానే ఉంటే ఎంపీ3 ఒకటి, ఎం4ఏ ఒకటి, ఫ్లాక్ ఒకటి పెట్టి ఏది పాడుతుందో చూడండి.

విదేశాల్లో ఉన్నప్పుడు ఐట్యూన్స్‌లో కొన్న ఎం4పీ ఫైళ్లున్నాయి. వాటిని బయటపడేయడం ఎలా?

ఆ ఆపిల్ ఖాతా, పాస్‌వర్డ్ గుర్తుంటే ఇంకా ఆశ ఉంది. ముందు ఐట్యూన్స్‌లో ఆ కంప్యూటర్‌కు అనుమతి ఇవ్వండి. ఒక ఖాతాకు అయిదు కంప్యూటర్లే కుదురుతాయి. పాతవి పాడైపోయి లెక్క నిండిపోతే, ఖాతా పేజీలో అన్నిటినీ ఒకేసారి తీసేసే బటన్ ఉంటుంది. పాడటం మొదలయ్యాక ప్లేలిస్ట్ చేసి ఆడియో సీడీ రాయండి. ఒకే ప్లేలిస్ట్‌ను ఏడుసార్ల దాకా రాయనిస్తారు. ఆ సీడీని ఫ్లాక్‌లోకి ఎక్కిస్తే, 128 ఏఏసీలో ఏముందో అది ఇంకేమీ పోకుండా, తాళం లేకుండా వస్తుంది. ఐట్యూన్స్ మ్యాచ్ చందా కడితే, వాళ్ల దగ్గరున్న పాటలకు తాళం లేని 256 కాపీ దింపుకోవచ్చు. ఖాతా ఎవరి పేరున ఉందో, దాని ఈమెయిల్ ఇంకా పనిచేస్తోందో ఇవాళే చూసుకోండి. పాస్‌వర్డ్ మార్చుకోవాల్సి వస్తే ఆ ఈమెయిల్ అవసరం కావచ్చు.